పాట్రిక్ గెడ్డెస్

సర్ పాట్రిక్ గెడ్డెస్ (అక్టోబరు 2, 1854 - ఏప్రిల్ 17, 1932) స్కాట్లాండు దేశానికి చెందిన జీవశాస్త్రవేత్త, సమాజశాస్త్రవేత్త, నగర ప్రణాళికావేత్త. ఆధునిక నగర ప్రణాళికకు ఆద్యులైన వారిలో ఒకడిగా ఈయనను పరిగణిస్తారు. ఇరుకైన పేటలను కూలగొట్టి వెడల్పాటి రోడ్లు వేయడమే నగరాభివృద్ధి అని పాలకులు నమ్ముతున్న కాలంలో, ఆ పేటలలో నివసించే జనాన్ని వెళ్ళగొట్టకుండానే వారికి గాలి, వెలుతురు, చెట్టు నీడ, నలుగురు కూర్చునే చోటు కల్పించవచ్చునని ఈయన ఆచరణలో చూపాడు. ఎడిన్‌బరో నగరంలోని పాడుబడిన పెరళ్ళను తోటలుగా మార్చడంతో మొదలైన ఈయన కృషి భారతదేశంలోని అనేక పట్టణాలకు, పాలస్తీనాలోని టెల్ అవీవ్ నగరానికి విస్తరించింది. 1914 నుండి 1924 వరకు గెడ్డెస్ జీవితంలో అధిక భాగం భారతదేశంలోనే గడచింది. మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలతోను, హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంతోను ఈయనకు సంబంధం ఉన్నది.

బాల్యం, విద్యాభ్యాసం

గెడ్డెస్ స్కాట్లాండులోని అబర్డీన్‌షైరు ప్రాంతంలో బాలటర్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ గెడ్డెస్ సైన్యంలో పనిచేశాడు. తల్లి పేరు జానెట్. వారి సంతానంలో పాట్రిక్ చివరివాడు. కుటుంబం పెర్త్ పట్టణం సమీపంలో కొండవాలున ఉన్న ఒక ఇంటిలో స్థిరపడింది. ఇంటికి పెద్ద తోట ఉండేది. తండ్రితో కలిసి ఆ తోటలో మొక్కలు నాటడం, కొండ ఎక్కి కింద కనిపించే నదీలోయను, పట్టణాన్ని చూడడం బాలునికి నిత్యకృత్యాలు. ఊరిని ఎత్తునుండి ఒక్కచూపులో చూసి అర్థం చేసుకోవాలనే అలవాటు ఈయనకు ఇక్కడే ఏర్పడిందని జీవితచరిత్రకారులు భావిస్తారు.

పెర్త్ అకాడమీలో చదువు ముగిశాక తండ్రి కోరికపై కొంతకాలం బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాడు. 1874లో వృక్షశాస్త్రం చదవడానికి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, అక్కడి బోధన నచ్చక ఒక్క వారంలోనే మానివేశాడు. ఆ తరువాత లండనులో ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ వద్ద శిష్యరికం చేశాడు. గెడ్డెస్ ఏ విశ్వవిద్యాలయం నుండీ పట్టా పుచ్చుకోలేదు. అయినప్పటికీ తరువాతి కాలంలో రెండు విశ్వవిద్యాలయ సంస్థలలో ఆచార్య పదవి నిర్వహించడం విశేషం.

1878లో ఫ్రాన్సు వెళ్ళినప్పుడు ఫ్రెడెరిక్ లె ప్లే అనే సామాజిక శాస్త్రవేత్త ఆలోచనలతో ఈయనకు పరిచయం ఏర్పడింది. ఒక సమాజాన్ని అర్థం చేసుకోవాలంటే వారు నివసించే చోటు, చేసే పని, కుటుంబ జీవనం అనే మూడింటినీ కలిపి చూడాలని లె ప్లే బోధించాడు. గెడ్డెస్ దీనిని స్థలం, వృత్తి, జనం అనే త్రయంగా మలచుకొని జీవితాంతం అనుసరించాడు.

మెక్సికో ప్రయాణం

1879లో పరిశోధన నిమిత్తం మెక్సికో వెళ్ళిన గెడ్డెస్ తీవ్రమైన నేత్రవ్యాధికి గురయ్యాడు. కొన్ని వారాలపాటు కళ్ళకు గంతలతో చీకటి గదిలో ఉండవలసి వచ్చింది. చూపు తిరిగి వస్తుందో రాదో తెలియని స్థితిలో, కిటికీ చట్రంలోని అద్దాల గడులను చేతితో తడుముతూ, ఒక్కొక్క గడికి ఒక్కొక్క భావాన్ని కేటాయించి వాటి మధ్య సంబంధాలను ఊహించడం ప్రారంభించాడు. తరువాత కాగితాన్ని మడిచి గడులు చేసి అదే పద్ధతిని ఆలోచనా సాధనంగా వాడుకున్నాడు. చూపు తిరిగి వచ్చింది గాని సూక్ష్మదర్శినితో ఎక్కువసేపు పనిచేసే శక్తి కళ్ళకు లేకపోయింది. ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా రాణించే అవకాశం ఈ విధంగా తగ్గిపోవడంతో ఈయన దృష్టి క్రమంగా మనుషుల మీదికి, వారు నివసించే నగరాల మీదికి మళ్ళింది.

జేమ్స్ కోర్టు

18వ శతాబ్దం చివరి భాగంలో ఎడిన్‌బరోలో కొత్త పట్టణం నిర్మించడంతో ధనవంతులు అక్కడికి తరలిపోయారు. ఒకప్పుడు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ వంటి ప్రముఖులు నివసించిన పాత పట్టణం క్రమంగా పేదల పేటగా మారింది. ఎత్తైన రాతి మేడలలో కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. మేడల నడుమ వెలుతురు సోకని సందులు, చెత్త పేరుకుపోయిన పెరళ్ళు ఉండేవి. ఇటువంటి పేటలకు నగర పాలకులు ఎరిగిన మందు ఒక్కటే: మొత్తం కూల్చివేయడం. కూల్చిన తరువాత అక్కడి పేదలు మరొక ఇరుకు పేటకు చేరి దానిని ఇంకా ఇరుకు చేసేవారు.

1886లో గెడ్డెస్ లివర్‌పూల్‌కు చెందిన ఒక వ్యాపారి కుమార్తె ఆనా మోర్టన్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం ఈ దంపతులు కొత్త పట్టణంలోని సౌకర్యవంతమైన ఇంటిని విడిచి, పాత పట్టణంలోని జేమ్స్ కోర్టు అనే మురికి పేటకు కాపురం మార్చారు. పేటను బాగుచేయాలనుకునేవారు మొదట ఆ పేటలో నివసించాలన్నది వారి నిశ్చయం. తమ గదులతో ప్రారంభించి, ఇరుగుపొరుగువారిని కలుపుకొని గోడలకు సున్నం కొట్టడం, చెత్త ఎత్తివేయడం, కిటికీలలో పూలకుండీలు పెట్టడం వంటి పనులు చేపట్టారు. పూర్తిగా శిథిలమైన కట్టడాలను మాత్రమే తొలగించి, ఆ జాగాను ఇళ్ళ మధ్య ముంగిలిగా వదిలారు. మిగిలిన ఇళ్ళకు మరమ్మతు చేయించారు. విద్యార్థులు ఎవరికి వారు నిర్వహించుకొనే వసతిగృహాలను 1887లో ఈ పేటలోనే ప్రారంభించి, చదువుకున్నవారిని తిరిగి పాత పట్టణానికి రప్పించారు. కోట సమీపంలో రామ్సే గార్డెన్ అనే గృహసముదాయాన్ని 1890లలో నిర్మింపజేశాడు. ఇది నేటికీ ఎడిన్‌బరో నగరానికి ఒక గుర్తుగా నిలిచి ఉన్నది.

ఔట్‌లుక్ టవర్

1892లో గెడ్డెస్ ఎడిన్‌బరో కోటకు దగ్గరలో ఉన్న ఒక పాత కట్టడాన్ని సంపాదించి దానికి ఔట్‌లుక్ టవర్ అని పేరు పెట్టాడు. దీని శిఖరాన, చుట్టూ ఉన్న నగరం యొక్క కదిలే ప్రతిబింబాన్ని చీకటి గదిలోని బల్లపై చూపే కెమెరా అబ్స్‌క్యురా ఉన్నది. సందర్శకులు మొదట పైకెక్కి సజీవంగా కదలాడుతున్న తమ నగరాన్ని చూసేవారు. తరువాత ఒక్కొక్క అంతస్తు దిగుతూ ఎడిన్‌బరో, స్కాట్లాండు, ఆంగ్లం మాట్లాడే దేశాలు, ఐరోపా, చివరకు ప్రపంచం గురించిన ప్రదర్శనలను చూసేవారు. తన వీధి గురించి తెలియనివాడు ప్రపంచాన్ని అర్థం చేసుకోలేడనీ, ప్రపంచజ్ఞానం లేనివాడు తన వీధిని బాగుచేయలేడనీ ఈ ఏర్పాటు యొక్క అంతరార్థం.

1888 నుండి 1919 వరకు ఈయన డండీ యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్ర ఆచార్యునిగా పనిచేశాడు. బోధన వేసవి కాలానికి పరిమితం కావడం వలన మిగిలిన కాలం నగర సంబంధమైన పనులకు వినియోగించగలిగాడు.

డన్ఫర్మ్‌లైన్ ప్రణాళిక

ఉక్కు వ్యాపారంలో కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ తన జన్మస్థలమైన డన్ఫర్మ్‌లైన్ పట్టణానికి ఒక విశాలమైన తోటను, నిధిని దానంగా ఇచ్చి 1903లో ధర్మకర్తల మండలిని నియమించాడు. తోటకు రూపకల్పన చేయవలసిందిగా మండలి గెడ్డెస్‌ను కోరింది. ఈయన తోటతో సరిపెట్టక, వాగును శుభ్రం చేయడం, పాత ఇళ్ళను కాపాడడం, పిల్లల ఆటస్థలాలు, ప్రదర్శనశాలలు, తోటకూ పట్టణ వీధులకూ మధ్య దారులు మొదలైన వాటితో ఒక పెద్ద ప్రణాళిక సమర్పించాడు. మండలి దానిని ఆమోదించలేదు. 1904లో ఈ ప్రణాళికను సిటీ డెవలప్‌మెంట్ అనే పేరుతో గెడ్డెస్ స్వయంగా ప్రచురించాడు. ఆచరణకు రాని ఈ గ్రంథం ఈయనను నగర ప్రణాళికావేత్తగా పరిచయం చేసింది. తోట అనేది పట్టణం నుండి వేరుగా కంచె వేసిన అలంకారం కాదనీ, పట్టణ జీవనంలో అది ఒక అవయవమనీ ఇందులో ప్రతిపాదించాడు.

ఎడిన్‌బరో పాత పట్టణంలో తోటలు

డన్ఫర్మ్‌లైన్‌లో పెద్ద తోట దక్కని గెడ్డెస్ చిన్న తోటలవైపు దృష్టి సారించాడు. ఔట్‌లుక్ టవర్ తరఫున ఏర్పడిన సంఘం 1908-09 ప్రాంతంలో పాత పట్టణంలో ఖాళీగా పడి ఉన్న జాగాలన్నిటినీ సర్వే చేసింది. కూలిన ఇళ్ళ స్థలాలు, మేడల వెనుక పెరళ్ళు, గోడల మధ్య మిగిలిపోయిన ముక్కలు కలిపి డెబ్బైకి పైగా జాగాలు లెక్కకు వచ్చాయి. వాటి మొత్తం విస్తీర్ణం సుమారు 10 ఎకరాలు. స్థలమే లేదని అందరూ భావించిన పేటలో ఇంత జాగా వృథాగా ఉన్నదని ఈ సర్వే వెల్లడించింది.

గెడ్డెస్ కుమార్తె నోరా ఈ తోటలలో అనేకం రూపొందించింది. పేటలోని పిల్లలు, పెద్దలు మొక్కలు నాటడంలో, నీరు పోయడంలో పాలుపంచుకున్నారు. బడులను తోటలతో జతపరచి, పిల్లలు ప్రకృతి పాఠాలు అక్కడే నేర్చుకునే ఏర్పాటు చేశారు. కొద్ది సంవత్సరాలలో సుమారు పది తోటలు తయారయ్యాయి. వాటిలో వెస్ట్ పోర్ట్, జాన్స్టన్ టెరేస్ ప్రాంతాలలోని తోటలు నేటికీ మిగిలి ఉన్నాయి.

నగర ప్రదర్శన

1911లో గెడ్డెస్ లండనులోని చెల్సీలో నగరాల ప్రదర్శనను ఏర్పాటు చేశాడు. పటాలు, చిత్రాలు, నమూనాల ద్వారా వివిధ నగరాల పుట్టుక, ఎదుగుదల, క్షీణతలను సామాన్య ప్రజలకు తెలియజేయడం దీని ఉద్దేశం. ఈ ప్రదర్శన తరువాత ఎడిన్‌బరో, డబ్లిన్, బెల్‌ఫాస్ట్ నగరాలలో జరిగింది. 1913లో బెల్జియంలోని ఘెంట్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో బహుమతి పొందింది.

మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లాండ్ ఆహ్వానంపై 1914లో గెడ్డెస్ పెద్ద కుమారుడు అలస్డేర్‌తో కలిసి భారతదేశానికి బయలుదేరాడు. ప్రదర్శన సామగ్రి క్లాన్ గ్రాంట్ అనే వేరొక ఓడలో వస్తున్నది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైనది. 1914 సెప్టెంబరు 22న మద్రాసు రేవుపై గుళ్ళవర్షం కురిపించి తెలుగువారి వాడుకలోకి సైతం ఎక్కిన ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక, అక్టోబరులో క్లాన్ గ్రాంట్ ఓడను ముంచివేసింది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన పటాలు, చిత్రాలు అన్నీ సముద్రం పాలయ్యాయి. గెడ్డెస్ వెనుదిరగలేదు. స్వదేశంలోని మిత్రులు కొత్త సామగ్రిని సేకరించి పంపగా, 1915 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయ సెనేటు భవనంలో ప్రదర్శన ప్రారంభమైనది.

మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలు

మద్రాసు ప్రభుత్వం కోరికపై గెడ్డెస్ ప్రెసిడెన్సీలోని పలు పట్టణాలలో పర్యటించి నివేదికలు సమర్పించాడు. వీటిలో తంజావూరు, మదురై, దత్తమండలాలలోని బళ్ళారి ఉన్నాయి. ప్రతి పట్టణంలోను ముందుగా సందు సందూ కాలినడకన తిరిగి, ఏ ఇల్లు నివాసయోగ్యమో, ఏది శిథిలమో, ఏ చెట్టు కింద జనం కూర్చుంటున్నారో పటంపై గుర్తించేవాడు. రోగిని పరీక్షించకుండా మందు ఇవ్వరాదన్నట్లే, పట్టణాన్ని పరిశీలించకుండా ప్రణాళిక గీయరాదని ఈయన సిద్ధాంతం.

నాటి మునిసిపల్ ఇంజనీర్లు పటంపై స్కేలుతో గీతలు గీసి, ఆ గీతకు అడ్డువచ్చిన ఇళ్ళన్నిటినీ కూల్చి రోడ్డు వేయాలని ప్రతిపాదించేవారు. గెడ్డెస్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. శిథిలమైన కొన్ని ఇళ్ళను మాత్రమే తొలగించి, సందులను అవసరమైనచోట కొద్దిగా వెడల్పుచేసి, ఆ విధంగా ఏర్పడిన చిన్న చిన్న ఖాళీ స్థలాలలో చెట్లు నాటి, అరుగులు కట్టించాలని సూచించాడు. ఈ పద్ధతికి పరిరక్షక శస్త్రచికిత్స అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. దీనివలన ఖర్చు చాలా తగ్గడమే గాక, ఇల్లు కోల్పోయేవారి సంఖ్య కూడా బాగా తగ్గుతుందని లెక్కలతో చూపాడు.

దక్షిణ భారతదేశపు ఆలయ పట్టణాలు గెడ్డెస్‌ను ఎంతగానో ఆకర్షించాయి. మదురైలో ఆలయం చుట్టూ ఒకదానివెలుపల ఒకటిగా అమరిన వీధులు, రథం తిరగడానికి వీలుగా ఉన్న వాటి వెడల్పు, ఉత్సవ సమయంలో ఊరంతా ఒక్కచోట చేరే తీరు ఈయనకు గొప్ప నగర నిర్మాణంగా తోచాయి. ఇటువంటి మాడవీధులను మధ్యయుగపు అవశేషాలుగా గాక, సమకాలీన నగరాలు నేర్చుకోదగిన పాఠాలుగా భావించాడు.

చెరువులు, కోనేళ్ళు

దోమల వలన మలేరియా వ్యాపిస్తుందని తెలిసిన తరువాత పట్టణాల నడిబొడ్డున ఉన్న చెరువులను, కోనేళ్ళను పూడ్చివేయాలని ఆరోగ్యశాఖ అధికారులు ఒత్తిడి చేయసాగారు. జీవశాస్త్రవేత్త అయిన గెడ్డెస్ దీనికి జీవశాస్త్రం ద్వారానే సమాధానం చెప్పాడు. చెరువులో తగినన్ని చేపలను, బాతులను పెంచితే అవి దోమల పిల్లపురుగులను తినివేస్తాయనీ, చెరువును పూడ్చడం కంటే శుభ్రంగా ఉంచడం మేలనీ వాదించాడు. చెరువు చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుందనీ, దాని గట్టు, మెట్లు, గట్టుమీది చెట్లు ఊరి జనానికి సహజమైన కూడలి అనీ నివేదికలలో వివరించాడు. పూడ్చిన చెరువు స్థానంలో వేసిన పచ్చిక తోట భారతదేశపు ఎండలకు మాడిపోతుందనీ, ఇంగ్లాండు పార్కుల నమూనా ఇక్కడి వాతావరణానికి నప్పదనీ ఈయన అభిప్రాయం.

ఇండోరు దీపావళి

మధ్య భారతంలోని ఇండోరు సంస్థానానికి గెడ్డెస్ సమర్పించిన రెండు సంపుటాల నివేదిక (1918) ఈయన భారతీయ నివేదికలలో అతి పెద్దది. ఆ నగరంలో ప్లేగు వ్యాధి ప్రబలి ఉన్నది. జనం గెడ్డెస్‌ను ఇళ్ళు కూల్చడానికి వచ్చిన అధికారిగా భావించి భయంతో చూసేవారు. ఈ భయాన్ని పోగొట్టడానికి దీపావళి పండుగను ఆధారం చేసుకున్నాడు. పండుగ ఊరేగింపు ఈసారి వాడుక దారిన గాక, ఏ వీధులు ఎక్కువ శుభ్రంగా ఉంటాయో ఆ వీధుల గుండా సాగుతుందని చాటింపు వేయించాడు. ఇళ్ళు, వీధులు శుభ్రం చేయడంలో పేటల మధ్య పోటీ ఏర్పడింది. వేలాది బండ్ల చెత్త ఊరి బయటకు తరలిపోయింది.

ఊరేగింపులో ప్లేగును మోసుకువచ్చే పెద్ద ఎలుక, మురికికి ప్రతీకగా ఒక రాక్షసుడు, కొత్తగా కట్టదలచిన ఇళ్ళ నమూనాలు నడిచాయి. పారిశుధ్య కార్మికులు కొత్త దుస్తులతో, పూలమాలలతో గౌరవంగా ఊరేగింపులో పాల్గొన్నారు. నగర ప్రణాళిక పటాన్ని కూడా ఊరేగించారు. చివరకు ఎలుకను, రాక్షసుని దహనం చేశారు. ఇళ్ళలో నాటుకోవడానికి తులసి మొక్కలు పంచిపెట్టారు. అధికారి ఆజ్ఞతో జరగని పని పండుగతో జరిగింది. వీధి అనేది రాకపోకలకు మాత్రమే గాక, ఊరు తనను తాను చూసుకోవడానికి కూడా అవసరమైన స్థలమని ఈ సంఘటన ద్వారా గెడ్డెస్ నిరూపించాడు.

బొంబాయి, హైదరాబాదు, శాంతినికేతన్

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర, పౌరశాస్త్ర శాఖకు తొలి ఆచార్యునిగా నియమితుడై 1924 వరకు పనిచేశాడు. భారతీయ సమాజశాస్త్రానికి పునాదులు వేసిన జి.ఎస్.ఘుర్యే ఈయన శిష్యుడు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ గెడ్డెస్‌కు సన్నిహిత మిత్రుడు. బోస్ జీవితచరిత్రను గెడ్డెస్ 1920లో ప్రచురించాడు. సోదరి నివేదిత 1900లో పారిస్‌లో కొంతకాలం ఈయన వద్ద పనిచేసింది. విశ్వభారతి విషయమై రవీంద్రనాథ్ టాగూరుతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. చిన్న కుమారుడు ఆర్థర్ టాగూరు గ్రామ పునర్నిర్మాణ కేంద్రమైన శ్రీనికేతన్‌లో పనిచేశాడు.

హైదరాబాదు నిజాం ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం కోసం గెడ్డెస్ సలహాను కోరింది. ఈయన అనువైన స్థలాలను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించాడు. విశ్వవిద్యాలయ భవనాల నిర్మాణం ఈయన మరణానంతరం, ఇతర వాస్తుశిల్పుల ఆధ్వర్యంలో జరిగింది. ప్రాంగణానికి 1934లో శంకుస్థాపన జరిగింది.

టెల్ అవీవ్

1919లో గెడ్డెస్ జెరూసలెం నగరానికి ప్రణాళిక రచించాడు. 1925లో టెల్ అవీవ్ నగర విస్తరణ ప్రణాళికను రూపొందించాడు. ఈయన ప్రణాళికలలో ఎక్కువ భాగం ఆచరణలోకి వచ్చింది ఇది ఒక్కటే. వాహనాలకు వెడల్పాటి వీధులు, వాటి మధ్య ఏర్పడిన పెద్ద చదరాలలోపల ఇళ్ళకు పోయే ఇరుకు వీధులు, చదరం నడిమిలో చిన్న తోట లేదా ఆటస్థలం అనేది దీని అమరిక. పిల్లలు పెద్ద వీధి దాటకుండానే తోటకు చేరవచ్చును. 1930లలో నిర్మించిన డిజెంగాఫ్ కూడలి కూడా ఈ ప్రణాళికలో భాగమే. 1978లో వాహనాల సౌకర్యార్థం ఈ కూడలిని రోడ్డుపైకి వంతెనలా ఎత్తివేయగా జనం రాక తగ్గిపోయింది. 2018లో తిరిగి నేలమట్టానికి దించారు. టెల్ అవీవ్‌లోని శ్వేతనగరాన్ని యునెస్కో 2003లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

బహిరంగ స్థలాలపై గెడ్డెస్ భావాలు

గెడ్డెస్ దృష్టిలో మంచి బహిరంగ స్థలానికి పరిమాణం ప్రధానం కాదు. ఊరి చివర ఉన్న పెద్ద పార్కు కంటే ఇంటి నుండి నాలుగు అడుగులలో ఉన్న చిన్న జాగా పిల్లలకు, తల్లులకు, వృద్ధులకు ఎక్కువ ఉపయోగకరం. అట్టి స్థలాన్ని కొత్తగా సృష్టించడం కంటే ఊరిలో ఇదివరకే ఉన్నదానిని గుర్తించడం ముఖ్యం. రచ్చబండ, బావి, కోనేరు, గుడి ముంగిలి, రావిచెట్టు నీడ వంటివి తరతరాల అనుభవంతో జనం ఎంచుకున్న చోట్లు. నీడ, నీరు స్థానిక వాతావరణానికి తగినట్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ స్థలాన్ని వాడుకునేవారికి దానిని తయారుచేయడంలో, కాపాడుకోవడంలో పాత్ర ఉండాలి. ఆ పాత్ర లేనప్పుడు ఎంత ఖర్చుపెట్టిన తోట అయినా కొద్దికాలానికే పాడుబడుతుందని ఈయన విశ్వసించాడు.

వ్యక్తిగత జీవితం

గెడ్డెస్ దంపతులకు నోరా, అలస్డేర్, ఆర్థర్ అనే ముగ్గురు సంతానం. భర్త ఆలోచనలకు రూపం ఇచ్చి, లెక్కలు చూసి, అప్పులవాళ్ళకు సమాధానం చెప్పినది ఆనాయే. 1917 సంవత్సరం ఈ కుటుంబానికి తీరని దుఃఖం మిగిల్చింది. తండ్రికి కుడిభుజంగా ఉండి, యుద్ధంలో చేరిన అలస్డేర్ ఏప్రిల్ నెలలో ఫ్రాన్సులో మరణించాడు. అప్పటికి ఆనా భారతదేశంలో తీవ్ర జ్వరంతో మంచం పట్టి ఉన్నది. కుమారుని మరణవార్తను గెడ్డెస్ ఆమెకు తెలియనివ్వలేదు. ఆ సంగతి తెలియకుండానే ఆమె జూన్ నెలలో కన్నుమూసింది. ఇండోరు నివేదిక ఈ దుఃఖం తరువాత రాసినదే. 1928లో ఈయన లిలియన్ బ్రౌన్‌ను ద్వితీయ వివాహం చేసుకున్నాడు.

విమర్శలు

గెడ్డెస్ రచనాశైలి క్లిష్టమైనది. ఉపన్యాసాలలో ఒక విషయం నుండి మరొక విషయానికి దూకేవాడు. ప్రారంభించిన పనులను మధ్యలో వదలి కొత్తవి చేపట్టేవాడు. భారతదేశంలో రచించిన సుమారు యాభై నివేదికలలో అధికభాగం అమలుకు నోచుకోలేదు. ఖర్చు తక్కువే అయినా ప్రతి ఇంటినీ విడివిడిగా పరిశీలించే ఓపిక మునిసిపాలిటీలకు లేకపోవడం ఇందుకు ఒక కారణం. బ్రిటిషు పాలకుల, సంస్థానాధీశుల ఆదరణపై ఆధారపడి పనిచేయడం వలన పౌరులకు నిజమైన అధికారం కలిగించలేకపోయాడని కొందరు చరిత్రకారుల విమర్శ. జె.ఆర్థర్ థామ్సన్‌తో కలిసి 1889లో రచించిన గ్రంథంలో స్త్రీ పురుషుల స్వభావ భేదాలు జీవకణాలలోనే నిర్ణయమై ఉంటాయని చేసిన ప్రతిపాదన తరువాతి కాలంలో విమర్శకు గురైంది.

చివరి రోజులు, ప్రభావం

ఆరోగ్యం క్షీణించడంతో 1924లో భారతదేశాన్ని వదలి దక్షిణ ఫ్రాన్సులోని మాంపెలియే నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ స్కాట్ల కళాశాల అనే పేరుతో ఒక అంతర్జాతీయ విద్యాసంస్థను స్థాపించి, రాతినేలపై తోటలు పెంచాడు. గతంలో ఒకసారి నిరాకరించిన సర్ బిరుదును 1932 ఆరంభంలో స్వీకరించాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 17న మాంపెలియేలో మరణించాడు.

అమెరికా రచయిత లూయిస్ మమ్‌ఫర్డ్ గెడ్డెస్‌ను గురువుగా భావించి తన కుమారునికి గెడ్డెస్ అని పేరు పెట్టుకున్నాడు. మమ్‌ఫర్డ్ గ్రంథాల ద్వారా ఈయన ఆలోచనలు ప్రపంచవ్యాప్తమయ్యాయి. భారతీయ నివేదికల నుండి ఎంపిక చేసిన భాగాలను జాక్విలిన్ టిర్విట్ 1947లో పుస్తకంగా వెలువరించింది. పేదల బస్తీలను కూల్చకుండా ఉన్నచోటనే మెరుగుపరచడం, చెరువులను పూడ్చకుండా పునరుద్ధరించడం వంటి విధానాలపై తరువాతి తరాలలో జరిగిన చర్చలలో గెడ్డెస్ పేరు తరచుగా ప్రస్తావనకు వస్తుంది.

ముఖ్య రచనలు

సిటీ డెవలప్‌మెంట్ (1904)
సిటీస్ ఇన్ ఎవల్యూషన్ (1915) - పక్కపక్క పట్టణాలు పెరిగి ఒకటిగా కలిసిపోవడాన్ని సూచించే కనర్బేషన్ అనే పదం ఈ గ్రంథంతో వ్యాప్తిలోకి వచ్చింది.
ఇండోరు సంస్థానానికి సమర్పించిన నగర ప్రణాళికా నివేదిక, రెండు సంపుటాలు (1918)
జగదీశ్ చంద్రబోస్ జీవితచరిత్ర (1920)